శిక్షకు గడువుంది, మచ్చకు లేదు

నేరం రుజువై, కోర్టు విధించిన శిక్షను పూర్తిగా అనుభవించి బయటికి వచ్చిన మనిషికి రాజ్యంతో ఉన్న లెక్క అక్కడితో తీరిపోయినట్టేనా, లేక ఆ లెక్క సరిహద్దు దాకా అతడి వెంట నడిచి వస్తుందా అన్న ప్రశ్నకు భారతీయ చట్టాల్లో ఒకేచోట సమాధానం దొరకదు. బెంగళూరు వంటి నగరంలో ఇది పుస్తకాలకే పరిమితమైన ప్రశ్న కాదు. కొలంబోకు విమానంలో గంటన్నర ప్రయాణం. కాశీయాత్రకు నేపాల్‌లోని పశుపతినాథ్‌ను, ముక్తినాథ్‌ను కలిపి చుట్టివచ్చే తెలుగు, కన్నడ కుటుంబాలు ఏటా ఎన్నో. ఆ బృందంలో ఒకరికి ఎప్పుడో పదేళ్ల కిందట శిక్ష పడి ఉంటే, టికెట్టు కొనకముందే ఇంట్లో భయం మొదలవుతుంది. ఆ భయంలో సగం అపోహ, సగం నిజం. అపోహ ఏమిటంటే, ఒకసారి శిక్షపడిన వారికి పొరుగు దేశం జీవితాంతం మూసుకుపోతుందన్నది. నిజం ఏమిటంటే, అడ్డంకి చాలా సందర్భాల్లో పొరుగు దేశపు తలుపు దగ్గర కాక, స్వదేశపు గడప దగ్గరే ఉంటుందన్నది.

హక్కుగా మారిన ప్రయాణం

విదేశీ ప్రయాణం పౌరుడి హక్కా, ప్రభుత్వం దయతలచి ఇచ్చే వెసులుబాటా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 1967 ఏప్రిల్ 10న తేల్చింది. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో, రాజమహేంద్రవరానికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పును వెలువరిస్తూ, రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో విదేశాలకు వెళ్లే హక్కు కూడా ఇమిడి ఉందని, చట్టం ద్వారా తప్ప దానిని హరించరాదని స్పష్టం చేశారు. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, నిరాకరించడం పూర్తిగా ప్రభుత్వ విచక్షణకే వదిలేసిన వ్యవహారం. దానికంటూ సమగ్రమైన చట్టమే లేదు. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురి మాటగా వచ్చిన ఈ తీర్పు మర్నాడే సుబ్బారావు పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగగా, ప్రభుత్వం నెల తిరగకుండానే ఆర్డినెన్సు తెచ్చి, జూన్‌లో దాన్ని పాస్‌పోర్టుల చట్టంగా మార్చింది. పదకొండేళ్లకు, 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో మెట్టు ఎక్కి, హక్కును తొలగించే పద్ధతి చట్టంలో రాసి ఉంటే సరిపోదని, అది న్యాయంగానూ సహేతుకంగానూ ఉండాలని చెప్పింది. గతంలో శిక్షపడిన వ్యక్తి ప్రయాణాన్ని అడ్డుకునే ప్రతి నిబంధననూ ఈ రెండు తీర్పుల గీటురాయి మీదే పరీక్షించాలి.

చట్టం నిజంగా ఏమంటోంది

పాస్‌పోర్టుల చట్టం 6వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్, క్లాజు (ఇ) ప్రకారం దరఖాస్తును నిరాకరించాలంటే నాలుగు షరతులు ఒక్కసారిగా నెరవేరాలి: శిక్ష భారతదేశంలోని కోర్టు వేసినదై ఉండాలి, నేరం నైతిక భ్రష్టతకు సంబంధించినదై ఉండాలి, జైలుశిక్ష రెండేళ్లకు తగ్గకూడదు, దోషిగా తేలిన తేదీ దరఖాస్తుకు ముందటి అయిదేళ్లలోపు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ క్లాజు వర్తించదు. జరిమానాతో ముగిసిన కేసు, ఏడాది శిక్ష పడిన కేసు, ఆరేళ్ల కిందటి తీర్పు, ఇవేవీ కొత్త పాస్‌పోర్టుకు దీని కింద అడ్డురావు. బెంగళూరులో లాల్‌బాగ్ రోడ్డు, మారతహళ్లి సేవాకేంద్రాలకు వెళ్లేవారు ముందుగా నింపే దరఖాస్తులోని ప్రశ్న కూడా ఈ కొలతకే కుదించి ఉంటుంది: గత అయిదేళ్లలో కోర్టు దోషిగా నిర్ణయించి రెండేళ్లు లేదా అంతకుమించి జైలుశిక్ష వేసిందా అన్నది ఒక గడి, క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తోందా అన్నది మరో గడి, వారెంటు, సమన్లు, దేశం విడిచి వెళ్లరాదన్న కోర్టు ఉత్తర్వు ఉన్నాయా అన్నవి ఇంకొన్ని. ప్రతిదానికీ అవుననో కాదనో చెప్పాలి. సేవాకేంద్రంలో ‘ఎ’ కౌంటరు దగ్గర ఫొటో, వేలిముద్రలు, ‘బి’ కౌంటరు దగ్గర పత్రాల పరిశీలన పూర్తయ్యాక, ‘సి’ కౌంటరులోని మంజూరు అధికారి చూసేది ఈ గడులనే; ఆ తరువాత వచ్చే పోలీసు విచారణ నివేదిక సరిపోల్చేదీ వీటినే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, నిజం చెబితే పాస్‌పోర్టు రాదేమోనన్న బెరుకుతో గడిని తప్పుగా నింపడం. చట్టం 12వ సెక్షన్ ప్రకారం తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం, ముఖ్యమైన సమాచారాన్ని దాచడం రెండేళ్ల దాకా జైలు, అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడగల నేరం. అలా సంపాదించిన పాస్‌పోర్టును 10వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకునే అధికారం కూడా అధికారులకు ఉంది. పాత శిక్ష అడ్డురాని చోట దాన్ని దాచిన అబద్ధం అడ్డువస్తుంది.

అయితే చట్టం రాసిన తీరులోనే రెండు పొసగని విషయాలున్నాయి. మొదటిది, అయిదేళ్ల లెక్క విడుదల తేదీ నుంచి కాక, దోషిగా తేలిన తేదీ నుంచి మొదలవుతుంది. ఏడేళ్ల శిక్ష పడి అందులో అయిదేళ్లు జైలులోనే గడిపిన వ్యక్తికి, బయట అడుగుపెట్టేనాటికి ఈ నిషేధం దాదాపు తీరిపోయి ఉంటుంది; రెండేళ్ల శిక్ష అనుభవించి వచ్చిన వ్యక్తి మాత్రం మరో మూడేళ్లు వేచి ఉండాలి. పెద్ద నేరానికి చిన్న నిరీక్షణ, చిన్న నేరానికి పెద్ద నిరీక్షణ! చట్టసభల సభ్యులను అనర్హులను చేసే ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ విడుదలైన తరువాత ఆరేళ్లు అని లెక్కను విడుదలకు ముడిపెట్టింది. పాస్‌పోర్టుల చట్టానికి ఆ స్పష్టత లేదు. రెండోది, కొత్త దరఖాస్తుకు అయిదేళ్ల పరిమితి పెట్టిన ఇదే చట్టం, ఇప్పటికే ఉన్న పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే 10వ సెక్షన్‌లో అటువంటి కాలపరిమితి దేనినీ పెట్టలేదు. పాస్‌పోర్టు జారీ అయిన తరువాత ఎప్పుడు శిక్షపడినా, ఎన్నాళ్లు గడిచినా, దానిని స్వాధీనం చేసుకోవచ్చన్నది దాని అక్షరార్థం.

ఇక ‘నైతిక భ్రష్టత’ అంటే ఏమిటో ఈ చట్టం నిర్వచించలేదు. నీచమైన, దుష్టమైన, పతనాన్ని సూచించే ప్రవర్తన అని సుప్రీంకోర్టు 1996లో పవన్ కుమార్ కేసులో వివరించింది గాని, ఏ నేరం ఆ పరిధిలోకి వస్తుందో కేసును బట్టి తేల్చుకోవలసిందే. మోసం, ఫోర్జరీ వంటివాటి విషయంలో పెద్దగా సందేహం ఉండదు. వీధి తగాదాలో కొట్టుకున్న కేసు, అజాగ్రత్తగా బండి నడిపి ప్రమాదం చేసిన కేసు వంటివి వచ్చినప్పుడు మాత్రం నిర్ణయం అధికారి అవగాహన మీద ఆధారపడుతుంది. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని 5వ సెక్షన్, అప్పీలు చేసుకోవచ్చని 11వ సెక్షన్ చెబుతున్నాయి. వాటిని వాడుకునేవారు తక్కువ.

ముగియని కేసుల చిక్కు

శిక్ష పూర్తయినవారికన్నా ఎక్కువ ఇబ్బంది పడేది కేసు ఇంకా ముగియనివారు. 2022 జైళ్ల గణాంకాల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలే. బెయిలు మీద బయట ఉన్నవారు వీరికి అదనం. 6వ సెక్షన్ క్లాజు (ఎఫ్) ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించాలి. దోషిగా తేలిన వ్యక్తికి రెండేళ్ల శిక్ష, నైతిక భ్రష్టత, అయిదేళ్ల గడువు అన్న మూడు కవచాలిచ్చిన చట్టం, ఇంకా నిర్దోషిగానే భావించవలసిన నిందితుడికి అటువంటి కవచం ఒక్కటీ ఇవ్వలేదు. ఈ లోటును కొంత పూడ్చడానికి కేంద్రం 1993 ఆగస్టు 25న జి.ఎస్.ఆర్. 570(ఇ) పేరుతో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం, విదేశానికి వెళ్లడానికి విచారణ కోర్టు అనుమతి ఉత్తర్వు తెచ్చిన వ్యక్తికి ఆ ఉత్తర్వులో పేర్కొన్న కాలానికి, కాలం పేర్కొనకపోతే ఏడాదికి, పాస్‌పోర్టు ఇస్తారు. కేవలం ఎఫ్‌ఐఆర్ నమోదై దర్యాప్తు దశలో ఉంటే అది పెండింగ్ కేసు కిందికి రాదని, కోర్టు కేసును విచారణకు స్వీకరించిన తరువాతే ఈ క్లాజు వర్తిస్తుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో వివరణ ఇచ్చింది.

శిక్షపడి, అప్పీలు నడుస్తున్నవారి సంగతి ఈ రెండు క్లాజుల మధ్య ఇరుక్కుంటుంది. సీబీఐ కేసులో శిక్ష ఏడాదికి తగ్గి, అప్పీలు తన ముందే పెండింగ్‌లో ఉన్న ఒక వ్యక్తి విషయంలో సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో ఈ ముడి విప్పింది. క్లాజు (ఎఫ్) విచారణ ఎదుర్కొంటున్నవారికి సంబంధించినదని, శిక్ష ఏడాదే గనుక క్లాజు (ఇ) వర్తించదని, కాబట్టి అప్పీలు పెండింగ్‌లో ఉందన్న కారణంతో పాస్‌పోర్టు పునరుద్ధరణను నిరాకరించరాదని తేల్చింది. పాస్‌పోర్టు చేతికి రావడం, దేశం దాటడానికి అనుమతి ఉండడం వేర్వేరు సంగతులన్నది మాత్రం మరువరాదు. శిక్ష అమలును నిలిపివేస్తూ ఇచ్చే బెయిలులో దేశం విడిచి వెళ్లరాదన్న షరతు ఉంటే, ప్రయాణం తేదీలు, కారణం, బస వివరాలతో అదే కోర్టులో పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకోవలసిందే.

పాస్‌పోర్టు అడగని పొరుగు

పొరుగు దేశాల్లో నేపాల్, భూటాన్‌లది ప్రత్యేక స్థానం. 1950 జులై 31న భారత్, నేపాల్ కుదుర్చుకున్న శాంతి మైత్రి ఒప్పందం ఒక దేశ పౌరులకు మరో దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపారం, సంచారం విషయాల్లో పరస్పర సదుపాయాలను కల్పించింది. వీసా అవసరం లేదు. రక్సౌల్ దగ్గరో, గోరఖ్‌పూర్ నుంచి వెళ్లే సోనౌలీ దగ్గరో నడిచి దాటవచ్చు. విమానంలో వెళ్లేవారు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని చూపిస్తే చాలు. భూటాన్‌కు కూడా ఓటరు కార్డుతో ప్రవేశ అనుమతి పత్రం లభిస్తుంది. జయగావ్‌కు ఆనుకుని ఉన్న ఫుంట్‌షోలింగ్‌లో దాన్ని తీసుకుని, రాత్రికి 1,200 రూపాయల సుస్థిర అభివృద్ధి రుసుము కట్టి, భారతీయులు ముందుకు సాగుతారు.

దీని పర్యవసానం ఆసక్తికరమైనది. జైలులో ఉన్న ఖైదీకి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు హక్కును నిరాకరిస్తుంది గాని, విడుదలైన వ్యక్తి మామూలు ఓటరే. పాస్‌పోర్టుకు ఇంకా అయిదేళ్లు నిండని వ్యక్తి జేబులోని ఓటరు కార్డు పశుపతినాథ్ దర్శనానికి చట్టబద్ధంగానే సరిపోతుంది. ఒక కార్యాలయం అనుమానంతో చూసే మనిషిని మరో కార్యాలయం ఇచ్చిన కార్డు సరిహద్దు దాటిస్తుంది. కైలాస మానస సరోవరానికి బయలుదేరేవారికి మాత్రం ఈ సౌలభ్యం లేదు. అక్కడికి పాస్‌పోర్టు, చైనా వీసా రెండూ కావాలి. చైనా వీసా దరఖాస్తు ఏ దేశంలోనైనా నేరచరిత్ర ఉందా అని సూటిగా అడుగుతుంది. శ్రీలంకకు కూడా పాస్‌పోర్టు తప్పనిసరి.

తెరిచిన సరిహద్దు ఒక ఉచ్చు కూడా. ముద్ర వేసేవారు లేరు గనుక నేపాల్ వెళ్లిరావడం విదేశీ ప్రయాణం కాదన్న భావన జనంలో బలంగా ఉంది. పాస్‌పోర్టును కోర్టులో జమచేసి బెయిలు మీద ఉన్న వ్యక్తి యాత్రా బృందంతో సోనౌలీ దాటితే, ఎవరూ ఆపకపోయినా, దేశం విడిచి వెళ్లరాదన్న షరతును ఉల్లంఘించినట్టే. అది బెయిలు రద్దుకు కారణం కావచ్చు. పరారీ ఉద్దేశంతో దాటినవారికి నేపాల్ ఆశ్రయం కూడా కాదు. 1953 అక్టోబరు 2న కుదిరిన నేరస్తుల అప్పగింత ఒప్పందం రెండు దేశాల మధ్య ఉంది.

కనిపించని కాగితం

అన్ని పత్రాలూ సరిగా ఉన్నా, దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి తెర మీద పేరు వెలిగితే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. దాన్నే లుకౌట్ సర్క్యులర్ అంటారు. దర్యాప్తు సంస్థల కోరిక మీద ఇమ్మిగ్రేషన్ బ్యూరో అన్ని నిష్క్రమణ కేంద్రాలకు పంపే నిఘా ఆదేశం ఇది. ఒకప్పుడు దీనికి ఏడాది గడువు ఉండేది, పొడిగించకపోతే దానంతటదే తీరిపోయేది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ సవరించిన మార్గదర్శకాల ప్రకారం, కోరిన సంస్థే తొలగించమని రాసేదాకా అది అమలులోనే ఉంటుంది. కేసు కొట్టివేశారన్న సంగతి, శిక్ష పూర్తయిందన్న సంగతి ఆ కంప్యూటరుకు దానంతటదే తెలియదు. దర్యాప్తు అధికారి బదిలీ అయి, ఫైలు అటకెక్కితే, పేరు ఏళ్ల తరబడి జాబితాలో నిలిచిపోవచ్చు. సర్క్యులర్ ఉన్నట్టు చాలామందికి తెలిసేది విమానం ఎక్కబోయే గంటకే. అందువల్ల కేసు ముగిసినవారు తీర్పు ప్రతిని దర్యాప్తు సంస్థకు అందించి, తొలగింపును రాతపూర్వకంగా కోరి, ఆ తరువాతే టికెట్టు కొనడం వివేకం.

దూరదేశంలో అదే ప్రశ్న

అమెరికాలోని తెలుగువారికి పొరుగు దేశం కెనడా. బఫెలో నుంచి నయాగరా అవతలి ఒడ్డు, సియాటిల్ నుంచి వాంకోవర్ వారాంతపు విహారాలు. అక్కడ లెక్క భారతీయ చట్టానికి పూర్తిగా తలకిందులు. మద్యం తాగి వాహనం నడిపిన కేసును తీసుకుంటే, భారత మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద తొలి నేరానికి ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పాస్‌పోర్టుకు అది అడ్డే కాదు. కెనడా మాత్రం ఆ నేరానికి గరిష్ఠ శిక్షను 2018 డిసెంబరు 18 నుంచి పదేళ్లకు పెంచి, ‘తీవ్ర నేరం’ వర్గంలోకి చేర్చింది. విదేశంలో ఎంత శిక్ష పడిందన్నది కాక, అదే పని కెనడాలో చేసి ఉంటే ఎంత శిక్షకు అవకాశం ఉండేదన్నది ఆ దేశపు కొలత. ఆ తరువాతి కాలంలో బెంగళూరులోనో హైదరాబాదులోనో జరిమానా కట్టి ఇంటికి వచ్చి మరిచిపోయిన రాత్రి, ఏళ్ల తరువాత నయాగరా వంతెన మీద ఎదురుకావచ్చు. హెచ్-1బి ఉద్యోగులకు ఇంకో చిక్కు ఉంది. ఇటువంటి కేసులో అరెస్టయితే చాలు, శిక్షపడకముందే అమెరికా విదేశాంగ శాఖ వారి వీసాను రద్దుచేయవచ్చు. దేశంలో ఉన్నంతవరకు ఉద్యోగానికి ఢోకా లేకపోయినా, కెనడా వెళ్లి తిరిగి రావాలంటే కొత్త వీసా కావాలి. అమెరికా వీసా దరఖాస్తు శిక్షల గురించే కాదు, అరెస్టుల గురించి కూడా అడుగుతుంది. క్షమాభిక్ష పొందినా చెప్పితీరాలి.

అంత కఠినంగా ఆపే కెనడాయే ఒక తలుపును కూడా చూపిస్తుంది. శిక్ష పూర్తయి అయిదేళ్లు గడిచాక ‘పునరావాసం’ పేరుతో దరఖాస్తు చేసి, మారిన జీవితాన్ని రుజువు చేసుకుంటే ఆ నేరం ఇక ప్రవేశానికి అడ్డురాదు. ఈలోగా తప్పనిసరి పని ఉంటే తాత్కాలిక అనుమతి కోరవచ్చు. బ్రిటన్ 1974లోనే నేరస్తుల పునరావాస చట్టం చేసి, నిర్ణీత కాలం సత్ప్రవర్తనతో గడిపినవారి అనేక పాత శిక్షలను దేశీయ వ్యవహారాల్లో ‘గడువు తీరినవి’గా పరిగణించే పద్ధతి తెచ్చింది.

ముగింపు రాయని చట్టం

భారతదేశంలో అటువంటి సాధారణ చట్టం లేదు. ఉన్నవి రెండు చిన్న కిటికీలు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్, మందలింపుతోనో సత్ప్రవర్తన పూచీతోనో విడిచిపెట్టిన వ్యక్తికి నేరనిర్ధారణ వల్ల వచ్చే అనర్హతలు అంటవని చెబుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ పిల్లల విషయంలో అదే రక్షణ ఇచ్చి, చాలా సందర్భాల్లో రికార్డును కూడా నాశనం చేయమంటుంది. మిగిలిన వయోజనులందరికీ మచ్చ మాసే తేదీ ఏ చట్టంలోనూ రాసి లేదు.

బ్యాంకులను ముంచి విదేశాలకు చెక్కేసినవారిని చూసిన దేశం సరిహద్దుల దగ్గర జాగ్రత్త పడటంలో తప్పు లేదు. 2018లో పరారీ ఆర్థిక నేరగాళ్ల చట్టం వచ్చింది అందుకే. అయితే విచారణను తప్పించుకు పారిపోయే మనిషి, విచారణను ఎదుర్కొని శిక్షను అనుభవించి వచ్చిన మనిషి ఒకే తూకంలో తూగరు. రెండోవాడు చట్టానికి లొంగినవాడు. అతడు మళ్లీ దేశానికి తిరిగివస్తాడని నమ్మడానికి అంతకన్నా బలమైన ఆధారం ఉండదు.

కావలసిన మార్పులు పెద్దవేమీ కావు. అయిదేళ్ల లెక్కను విడుదల తేదీకి ముడిపెట్టి, శిక్ష తీవ్రతను బట్టి అంచెలుగా మార్చాలి. అదే కాలపరిమితిని పాస్‌పోర్టు స్వాధీనానికీ వర్తింపజేయాలి. ఏయే నేరాలు నైతిక భ్రష్టత కిందికి వస్తాయో చట్టానికి అనుబంధంగా జాబితా ఇవ్వాలి. లుకౌట్ సర్క్యులర్‌కు మునుపటి ఏడాది గడువును పునరుద్ధరించి, కేసు ముగిసిన రోజే కోర్టు నుంచి ఇమ్మిగ్రేషన్ బ్యూరోకు సమాచారం చేరే ఏర్పాటు చేయాలి. 1967లో సుబ్బారావు చెప్పింది, చట్టంలో లేని అడ్డంకిని పౌరుడి మీద పెట్టరాదని. చట్టంలో ఉన్న అడ్డంకికి ముగింపు తేదీ కూడా చట్టంలోనే ఉండాలన్నది ఆ మాటకు మిగిలిపోయిన సగం. దాన్ని పూరించవలసిన పని ఇప్పుడు పార్లమెంటుది.